నేపాల్ ఆశ్రమంలో పిల్లలకు అన్నం పెట్టాలంటే ఎలా?

పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకు వెళ్లే మనవాళ్లలో చాలామంది, ఎలాగూ ఖాట్మండులో రెండు మూడు రోజులు ఉంటాం కదా, ఏదైనా అనాథాశ్రమంలో పిల్లలకు ఒక పూట వండిపెడదాం అనుకుంటారు. మంచి ఆలోచనే. కానీ పొయ్యి వెలిగించే ముందు ఆ పిల్లలు ఎందుకు ఆకలితో ఉన్నారో కనుక్కోవాలి.

1. ముందు ఆరా తీయండి

నేపాల్‌లో బాలగృహాలు ఎక్కువగా ఖాట్మండు, లలిత్‌పుర్, భక్తపుర్, కాస్కీ, చిత్వన్ జిల్లాల్లోనే ఉన్నాయి. టూరిస్టులు తిరిగేదీ అక్కడే. ఈ గృహాల్లో చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదివిస్తామని కొండ ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి, అనాథలని చెప్పి చందాలు వసూలు చేసిన కేసులు బయటపడ్డాయి. అలాంటి చోట పిల్లలు బక్కచిక్కి కనిపిస్తేనే డబ్బులొస్తాయి. మీరిచ్చే బియ్యం బస్తా కూడా ఆ వ్యాపారంలోకే పోతుంది.

అందుకే ఫోన్ చేసి అడగండి: రిజిస్ట్రేషన్ ఉందా? పిల్లలు ఇంటివాళ్లతో మాట్లాడతారా? పండక్కి ఊరెళ్తారా? మీ వివరాలేవీ అడగకుండా "రేపే రండి, పిల్లలతో ఆడుకోండి" అన్నారంటే ఆ చోటు వదిలేయడమే నయం. అక్కడికెళ్లాక ఏదైనా తేడాగా అనిపిస్తే మన దగ్గరిలాగే నేపాల్‌లోనూ పిల్లల హెల్ప్‌లైన్ 1098.

2. కాగితాలు

మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్‌ను నమ్ముకుని బయల్దేరొద్దు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మాత్రం వీసా కావాలి. టూరిస్ట్ వీసా మీద జీతం లేని పని కూడా చేయకూడదన్నది అక్కడి రూల్.

3. సరుకులు అక్కడే కొనండి

ఇక్కడి నుంచి కందిపప్పు, పచ్చళ్లు మోసుకెళ్లొద్దు. వాళ్ల దాల్‌భాత్ మన పప్పన్నమే. ఎర్ర మసూరు పప్పు, ఆకుకూర, గుడ్లు పక్క కొట్లోనే దొరుకుతాయి. సోయా రెండు పాళ్లు, మొక్కజొన్న ఒకటి, గోధుమ ఒకటి వేయించి విసిరిన పిండిని సర్వోత్తమ్ పిఠో అంటారు. దాంతో కాచే లిటో మన ఉగ్గు లాంటిది, చిన్నపిల్లలకు బలం.

4. వంట

ఖాట్మండు ఎత్తు దాదాపు 1,400 మీటర్లు. అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో పప్పు ఉడకడానికి మన దగ్గరకంటే ఎక్కువసేపు పడుతుంది. ముందే నానబెట్టి కుక్కర్‌లో పెట్టండి, మన లెక్క కంటే ఇంకో విజిల్ రానివ్వండి. కారం మన చేతివాటంతో వేయొద్దు, పాపం పిల్లలు నీళ్లు తాగే కడుపు నింపుకుంటారు. వండింది రెండు గంటల్లోపు వడ్డించేయాలి.

అసలు వాలంటీర్ ఉండాల్సింది వంటింట్లోనే. రెండ్రోజులు ఎత్తుకుని ముద్దుచేసి వెళ్లిపోయే అత్తయ్యలు, మామయ్యలు నెలకు పదిమంది వస్తుంటే ఆ పసివాళ్ల మనసు ఏమవుతుందో ఆలోచించండి. ఉల్లిపాయలు తరగండి, అంట్లు తోమండి.

5. వడ్డన

మన ఎంగిలి పట్టింపు అక్కడా ఉంది, జూఠో అంటారు. గరిటె పిల్లల కంచానికి తగలనివ్వకండి. కొంచెం కొంచెంగా పెట్టి మళ్లీ అడగండి. "పుగ్యో" అంటే చాలు అని అర్థం. ఇంకో ముద్ద తినమని బలవంతం చేయొద్దు. ఫొటోలు అసలే వద్దు.

6. మరీ నీరసించిన పిల్లలు ఉంటే

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. జాలిపడి నెయ్యన్నం పెట్టేయకండి. చాన్నాళ్లు పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా బలమైన తిండి పెడితే ప్రాణం మీదికి రావచ్చు. ఆశ్రమం వాళ్లతో చెప్పి ఆస్పత్రికి పంపించండి. అక్కడ ఎఫ్-75 అనే పల్చటి పాలతో మొదలుపెడతారు.

7. బయల్దేరే ముందు

వంట చేసే దీదీ దగ్గర ఓ పది నిమిషాలు కూర్చుని, ఏం కావాలో ఆమెనే అడగండి. కేకులూ, చాక్లెట్లూ అనదు. కుక్కర్ గ్యాస్కెట్ సాగిపోయిందనో, నెలాఖరులో గుడ్లకు డబ్బులు చాలడం లేదనో చెబుతుంది. రాసుకుని, గ్యాస్కెట్ ఆ సాయంత్రమే కొనిచ్చి రండి.