ప్రాసెసర్ మార్చాక సిస్టం మండిపోతోందా? ముందు చేయి పెట్టి చూడండి

కొత్తగూడెంలో మే నెల సంగతి తెలిసిందే. బయట 44, 45. ఇంట్లో ఫ్యాన్ తిరుగుతున్నా గది 36కి తగ్గదు. సరిగ్గా ఆ నెలలోనే నేను సిస్టంలో ప్రాసెసర్ మార్చాను. బుద్ధి ఉన్నవాడెవడూ ఎండాకాలంలో ఆ పని పెట్టుకోడు. కానీ పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునేవాడికి వరస ముహూర్తాలు గడిస్తేనే తీరిక. హార్డ్‌డిస్క్‌లో తొమ్మిది పెళ్లిళ్లు పేరుకున్నాయి. 2018లో కొన్న ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 3 2200జీ నాలుగు కోర్లతో వాటిని లాగలేకపోతోంది.

ఉన్న బీ450 మదర్‌బోర్డులోనే రైజెన్ 7 5800ఎక్స్ పనిచేస్తుందని చూసుకుని, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి తెచ్చుకున్నాను. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు. ఆ డబ్బాలో కూలర్ రాదు. తెలుసు. "పాతది ఉందిగా" అనుకున్నాను.

ఆ రాత్రి తలంబ్రాల పాట ఎక్స్‌పోర్ట్ పెట్టి టీ తాగి వచ్చేసరికి కూలర్ ఫ్యాన్ మిక్సీలా అరుస్తోంది. ప్రాసెసర్ 90 డిగ్రీల దగ్గర అతుక్కుపోయింది. ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా 62. పాత ప్రాసెసర్ ఎంత పని చెప్పినా 75 దాటి ఎరగదు.

ముందే ఒక మాట, టెన్షన్ పడకండి. 5800ఎక్స్‌కి కంపెనీ పెట్టిన హద్దే 90. అక్కడికి చేరగానే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది. అంత తేలిగ్గా కాలిపోదు. నష్టం ఎక్కడంటే, డబ్బు పెట్టి కొన్న వేగం చేతికి రాదు. నా ప్రాసెసర్ 4.4 గిగాహెర్ట్జ్ మీద నడవాల్సిన చోట 3.7 మీద కుంటుతోంది. పద్నాలుగు నిమిషాల్లో అవ్వాల్సిన పాటకి పందొమ్మిది పట్టింది.

విప్పకముందు రాసుకోవాల్సినవి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు నోట్‌బుక్ పట్టుకోండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని సెన్సర్లు తెరవండి. ముందు గది ఉష్ణోగ్రత రాయండి. తర్వాత ఏ పనీ పెట్టకుండా పది నిమిషాలు వదిలేసి ప్రాసెసర్ ఎంత చూపిస్తోందో, ఆ తర్వాత ప్రాసెసర్‌కి నిండా పని పెట్టే సినీబెంచ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మల్టీకోర్ టెస్ట్ పది నిమిషాలు నడిపి ఎంత చూపిస్తోందో రాయండి. ఆ లోడ్ మీద ఉన్నప్పుడే క్లాక్ స్పీడ్, ఫ్యాన్ ఆర్‌పీఎం, పీపీటీ అని కనిపించే వాట్లు (ప్రాసెసర్ లాగుతున్న కరెంటు) కూడా. గది లెక్క ఎందుకంటే, గది ఎనిమిది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబర్‌లో వేరే ఊళ్లో ఎవరో చూసిన 75ని, మేలో మీ ఇంట్లో కనిపించే 85తో పోల్చి ఏడవకండి.

రైజెన్ ప్రాసెసర్లు ఊరికే ఉన్నప్పుడు కూడా 42, 53, 45 అంటూ ఎగిరి పడుతుంటాయి. చిన్న పని తగలగానే ఒక్క క్షణం పూర్తి వేగం అందుకోవడం వాటి అలవాటు. అది రోగం కాదు. ఎగిరినది మళ్లీ కిందికి రాకపోతేనే రోగం.

వాట్ల దగ్గరే నా మొదటి తప్పు బయటపడింది. 2200జీ 65 వాట్ల ప్రాసెసర్. దాంతో వచ్చిన రెయిత్ స్టెల్త్ కూలర్ కూడా ఆ కొలతకి చేసిందే. రాగి ముక్క అన్నది లేని పొట్టి అల్యూమినియం దిమ్మ. 5800ఎక్స్ డబ్బా మీద 105 అని ఉంటుంది, నిండా పని చెబితే 142 వాట్ల దాకా లాగుతుంది. పైగా ఆ ఎనిమిది కోర్లూ ఉన్న చిప్పు సుమారు 81 చదరపు మిల్లీమీటర్లు. అంటే చిటికెన వేలి గోరంత చోటు నుంచి ఆ వేడంతా బయటికి రావాలి. నలుగురికి వండే గిన్నెలో పదిమందికి వండబోయాను.

సరే, రెండు వేల చిల్లర పెట్టి నాలుగు రాగి గొట్టాలు, 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ తెప్పించాను. బావమరిది, నేను కలిసి బిగించాం. సినీబెంచ్ పెట్టాం. నిమిషం తిరక్కుండానే 90.

"బావా, ప్రాసెసరే పోయిందేమో" అన్నాడు వాడు.

బెల్టు ఎక్కడ ఆగింది

నాన్న సింగరేణిలో కన్వేయర్ బెల్టు మీద పనిచేశారు. బెల్టు లైన్లో ఎక్కడో తేడా వస్తే మొత్తం విప్పరట. పక్కనే నడుచుకుంటూ వెళ్తారట. ఒక చోట బొగ్గు కుప్పపడి ఉంటుంది, దాని తర్వాత బెల్టు ఖాళీగా ఉంటుంది. తప్పు ఆ రెండింటి మధ్యే.

వేడి కూడా అంతే. చిప్పులో పుట్టి పైనున్న లోహపు మూతకి, మూత నుంచి కూలర్‌కీ దానికీ మధ్య పూసే థర్మల్ పేస్టుకి, పేస్టు నుంచి కూలర్ అడుగుకి, గొట్టాల మీదుగా రేకులకి, రేకుల నుంచి గాలికి, ఆ గాలి క్యాబినెట్ బయటికి. లోడ్ నడుస్తుండగా పక్క తలుపు తీసి, కూలర్ రేకుల అంచుని, రాగి గొట్టం పై కొసని వేలితో ఒక్కసారి తాకండి. వేళ్లు ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి, బోర్డు మీద ఇంకేదీ ముట్టుకోవద్దు. స్క్రీన్ మీద 90 ఉండగా రేకులు చల్లగా ఉంటే వేడి పేస్టు దగ్గరే ఆగిపోయిందన్నమాట. రేకులు బాగా వేడెక్కి ఉంటే పేస్టు పని అది చేస్తోంది, గాలి సంగతి చూడాలి.

నావి చల్లగా ఉన్నాయి. గోరువెచ్చన కూడా కాదు.

రేకులు చల్లగా ఉంటే

కూలర్ విప్పాలి. రైజెన్ 5000 వరకు వాడే ఏఎం4 సాకెట్‌తో ఒక గండం ఉంది. పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, 1331. సాకెట్ పట్టు అంత గట్టిది కాదు. పేస్టు ఎండిపోయి ఉంటే కూలర్ లాగగానే ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని ఊడి వస్తుంది. 2200జీ తీసేటప్పుడు నాకు అదే జరిగింది, అదృష్టం కొద్దీ పిన్ను వంగలేదు. అందుకే ముందు పది నిమిషాలు ఏదో పని పెట్టి వేడెక్కించి, షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకేసి, స్క్రూలు వదిలాక కూలర్‌ని నిలువుగా లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి.

తీశాక వెంటనే తుడవకండి! అందరూ చేసే పొరపాటు ఇదే. పేస్టు మీద పడిన అచ్చు చూడండి, ఫోటో తీసుకోండి. కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అలాగే ఉంటే నవ్వుకుని పీకేయండి, అక్కడితో కథ కంచికి. మాది అది కాదు. మూతకి ఒక పక్క పేస్టు పలచగా, కింద లోహం కనిపించేంతగా నలిగింది. ఇంకో పక్క కొబ్బరి పచ్చడిలా దళసరిగా, పెట్టింది పెట్టినట్టే ఉంది. అంటే కూలర్ ఒక వైపు పైకి లేచి ఉంది.

ఎందుకు లేచిందో అర్థం కావడానికి అరగంట పట్టింది. ఏఎం4లో బోర్డు వెనక కూలర్ స్క్రూలు ఎక్కే బ్యాక్‌ప్లేట్ అనే పలక ఉంటుంది. స్టెల్త్ నాలుగు స్క్రూలే దాన్ని పట్టుకుని ఉంటాయి. ఆ స్క్రూలు విప్పగానే ప్లేటు వెనక్కి జారిపోతుంది. మేం కొత్తది బిగించేటప్పుడు బావమరిది వెనక నుంచి వేలితో పట్టుకున్నాడు కానీ ఒక మూల సరిగ్గా ఆనలేదు. ఆ మూల స్క్రూ వంకరగా ఎక్కి మధ్యలోనే బిగుసుకుంది. చేతికి "టైట్ అయింది" అనిపించింది అదే.

రెండోసారి ఇలా చేశాం. క్యాబినెట్‌ని పడుకోబెట్టాం, ప్లేటు కింద మడిచిన అట్టముక్క పెట్టి ఎత్తుగా నిలిపాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో మూత, కూలర్ అడుగు రెండూ అద్దంలా తుడిచాం. మధ్యలో బఠానీ గింజంత పేస్టు. కూలర్‌ని తిన్నగా దించి, నాలుగు స్క్రూలూ ముందు చేత్తో రెండేసి చుట్లు ఎక్కించాం. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్, అదీ ఎదురెదురు మూలలకి, ఒక్కో దానికి రెండు చుట్లు మించకుండా. కారు చక్రం బోల్టులు బిగించినట్టే. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకే పెట్టండి. కేస్ ఫ్యాన్ పిన్నులకి పెడితే కొన్ని బోర్డుల్లో అది ప్రాసెసర్ వేడి చూసి వేగం పెంచుకోదు.

ఈసారి 88. తగ్గింది రెండు డిగ్రీలేనా అనిపిస్తుంది. కానీ క్లాక్ 3.7 నుంచి 4.4కి వెళ్లింది, వాట్లు కూడా పెరిగాయి. ప్రాసెసర్ పూర్తి పని చేస్తూ కూడా హద్దు తాకడం లేదు. ఒక్క డిగ్రీలే చూస్తే ఈ తేడా తెలియదు, అందుకే క్లాక్ కూడా రాసుకోమన్నాను. రేకులు ముట్టుకుంటే చురుక్కుమంది. బొగ్గు కదిలింది.

రేకులు వేడిగా ఉంటే

తలుపు మూస్తే ఎంత, తెరిస్తే ఎంత? పది నిమిషాలు అలా, పది నిమిషాలు ఇలా నడిపి చూడండి. తెరిచినప్పుడు ఐదు, ఆరు డిగ్రీలు తగ్గితే తప్పు క్యాబినెట్ గాలిది. నాకు ఆరు తగ్గింది.

గాలి ఎటు పోతోందో తెలుసుకోవడానికి అగరుబత్తి మించిన పరికరం లేదు. ముందు వైపు జల్లెడ దగ్గర వెలిగించి పట్టుకుంటే పొగ లోపలికి పీల్చుకోవాలి, వెనక ఫ్యాన్ దగ్గర బయటికి పోవాలి. నుసి లోపల రాలకుండా చూసుకోండి. మా వెనక ఫ్యాన్ పొగని లోపలికి లాగింది! ఎప్పుడో శుభ్రం చేసి తిప్పి పెట్టేశాను. ఫ్యాన్ చట్రంలో అడ్డకడ్డీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది, ఆ గుర్తు మర్చిపోకండి. ముందు జల్లెడకి మా ఊరి నల్ల దుమ్ము కంబళిలా పట్టింది. దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, బ్లోయర్ గాలికి గిర్రున తిరగనివ్వద్దు.

ఇక అమ్మ. టేబుల్ అరలో ఉన్న క్యాబినెట్ మీద దుమ్ము పడకుండా ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుతుంది. అది పై జాలీని పూర్తిగా మూసేసింది. సిస్టం ఆపాకే కప్పమని ఒప్పందం చేసుకున్నాం. అరలోంచి తీసి, గోడకి జానెడు దూరంలో పెట్టాను. గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ గాలి నేరుగా సిస్టం మీదికి మాత్రం తిప్పను. ఆ తడి గాలి, మా దుమ్ము కలిస్తే రేకుల మధ్య బురదే.

ఇవన్నీ చేశాక 83.

బయాస్‌లో మిగిలిన పని

ప్రాసెసర్ మార్చకముందే బయాస్ (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి, పాత ప్రాసెసర్ ఉండగానే. లేకపోతే బీ450 బోర్డు 5000 సిరీస్‌ని గుర్తుపట్టకపోవచ్చు. మార్చాక ఎఫ్‌టీపీఎం (తాళాలు దాచే సెక్యూరిటీ భాగం) రీసెట్ చేయమంటారా అని అడిగితే, డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉన్నవాళ్లు రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే ‘అవును’ నొక్కండి.

పాత ప్రాసెసర్‌కి ఎప్పుడో చేత్తో పెట్టిన వోల్టేజీ ఏదైనా ఉంటే డిఫాల్ట్స్ లోడ్ చేసి పోగొట్టండి. ఫ్యాన్ సైలెంట్ మోడ్‌లో ఉంటే 70 డిగ్రీలకి 80 శాతం వేగం అందుకునేలా మార్చండి. హద్దు దాటించి వేగం పెంచే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ (పీబీఓ) ఎనేబుల్‌లో ఉంటే ఆపేయండి. మన ఎండలకి అది దండగ.

అసలు మందు ఎకో మోడ్. ఏఎండీ వాళ్ల రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బటన్. బయాస్‌లోనే చేయాలంటే అదే పీబీఓని ఈసారి పెంచడానికి కాక తగ్గించడానికి వాడాలి: లిమిట్స్ మాన్యువల్ పెట్టి పీపీటీ 88 వాట్లు, కరెంటు హద్దులైన టీడీసీ 60, ఈడీసీ 90 ఆంపియర్లు ఇవ్వండి. దాంతో 105 వాట్ల ప్రాసెసర్ 65 వాట్ల దానిలా నడుస్తుంది. నాకు 83 కాస్తా 69 అయింది. క్లాక్ 4.1. పద్నాలుగు నిమిషాల పాటకి పదిహేను పట్టింది. చివరి బొట్టు వేగం కోసం ఈ ప్రాసెసర్లు కరెంటు విపరీతంగా తాగుతాయి, అది కోసేస్తే పెద్దగా పోయేదేం లేదు. చవక బీ450 బోర్డుల్లో కొన్నింటికి పవర్ భాగం మీద హీట్‌సింక్ ఉండదు, దానికీ ఊపిరి అందుతుంది. నన్నడిగితే ఏసీ లేని గదిలో 5800ఎక్స్‌ని ఎకో లేకుండా నడపడం అనవసరం. గేమ్స్ ఆడే బావమరిది మాత్రం ఒప్పుకోడు.

కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజీ ఇంకా తగ్గించొచ్చు. మైనస్ 15 పెట్టి చూశాను, రెండు డిగ్రీలు తగ్గింది. మూడో రోజు ఊరికే ఉన్న సిస్టం దానంతట అదే రీస్టార్ట్ అయింది. తీసేశాను. సేవ్ చేయని టైమ్‌లైన్ కన్నా రెండు డిగ్రీలు ఎక్కువ కాదు.

జూలైలో వానలు పడ్డాక గది 28కి దిగింది, అదే టెస్టుకి ప్రాసెసర్ 61 చూపించింది. ఆ అంకె కూడా నోట్‌బుక్‌లో రాశాను, తారీఖుతో. ఇప్పుడు దసరాకి బండి కడిగి బొట్టు పెట్టే రోజునే క్యాబినెట్ కూడా విప్పి జల్లెడ దులుపుతున్నాను. మూసే ముందు అగరుబత్తి ఎలాగూ వెలిగే ఉంటుంది.