సింగపూర్‌లో మొదటి రెండు వారాలు: ఊరి నడిబొడ్డున హోటల్లో దిగాలా?

ఆఫర్ లెటర్ వచ్చింది, వర్క్ పాస్‌కు అనుమతి వచ్చింది, చెన్నై నుంచి టికెట్ కూడా బుక్ అయింది. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి సింగపూర్ బయల్దేరేవాళ్లకు ఇక మిగిలే ప్రశ్న ఒకటే. దిగగానే ఎక్కడ ఉండాలి? ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే “సెంటర్లో దిగు నాయనా, అన్నీ అందుబాటులో ఉంటాయి” అంటారు. నెల్లూరికి ఆ మాట సరిపోతుంది. పొగతోటలో డాక్టరుకు చూపించుకోవాలన్నా, ట్రంకు రోడ్డులో పెళ్లి బట్టలు కొనాలన్నా మద్రాసు బస్టాండు దగ్గర ఏదో ఒక లాడ్జిలో దిగితే పని అయిపోతుంది.

సింగపూర్‌లో సెంటర్ అంటే ఒక్క చోటు కాదు. బ్యాంకులు, పెద్ద ఆఫీసులు రాఫెల్స్ ప్లేస్, మెరీనా బే వైపు ఉంటాయి. షాపింగ్ అంతా ఆర్చర్డ్ రోడ్డు. మన తిండి, కిరాణా, గుళ్లు లిటిల్ ఇండియాలో. మ్యాపులో ఇవన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి గానీ గది రేటులో, చుట్టూ ఉండే వాతావరణంలో చాలా తేడా ఉంది. పైగా దేశం మొత్తం కలిపినా సుమారు 735 చదరపు కిలోమీటర్లు, మన నెల్లూరు జిల్లాలో పదో వంతు కూడా రాదు. అంత చిన్న చోట హోటల్ సెంటర్లో ఉందా లేదా అన్నదాని కంటే ఏ ఎంఆర్‌టీ, అంటే అక్కడి మెట్రో రైలు, లైను మీద ఉందన్నదే ముఖ్యం. ఉదాహరణకు మనవాళ్లు చాలామంది పనిచేసే చాంగీ బిజినెస్ పార్కు ఎక్స్‌పో స్టేషన్ దగ్గర ఉంటుంది, అంటే విమానాశ్రయానికి ఒక్క స్టేషన్ దూరం. ఆఫీసు అక్కడ పెట్టుకుని మెరీనా బేలో గది తీసుకుంటే, సెంటర్లో ఉన్నామన్న మాటే గానీ రోజూ ఊరు దాటి వెళ్లాల్సిందే.

అసలు హోటలే ఎందుకు, పదిహేను రోజులకు ఎవరింట్లోనైనా గది తీసుకుంటే చవక కదా అని చాలామంది లెక్క వేస్తారు. అక్కడి చట్టం దానికి ఒప్పుకోదు. ప్రైవేటు అపార్ట్‌మెంట్లను 3 నెలల కంటే తక్కువ కాలానికి అద్దెకివ్వకూడదు. ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లకు, అక్కడ అందరూ హెచ్‌డీబీ అనేవాటికి, కనీసం 6 నెలలు. కాబట్టి “వారానికి ఇంత, వచ్చేయండి” అని వాట్సాప్ గ్రూపులో కనిపించే గదుల్లో చాలావరకు నిబంధనకు విరుద్ధమైనవే. కొత్తగా పాస్ మీద అడుగుపెట్టినవాళ్లు అలాంటి చోట దొరికిపోవడం మంచిది కాదు. బంధువులు డబ్బు తీసుకోకుండా నాలుగు రోజులు ఉండమంటే అది వేరే సంగతి. స్నేహితుడు తానే అద్దెకున్న గదిలోకి రమ్మంటే మాత్రం, వాళ్ల ఓనరుకు చెప్పాడా అని మొహమాటపడకుండా అడగండి.

చట్టబద్ధంగా మిగిలేవి హోటల్, హాస్టల్, సర్వీస్డ్ అపార్ట్‌మెంట్. చివరిదానికి కనీసం 7 రోజులు తీసుకోవాలి. వంటగది, బట్టలు ఉతికే మెషీన్ ఉంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను ముందు దాన్నే చూడమంటాను.

ఇక నడిబొడ్డున హోటల్ వల్ల లాభాలు. మొదటిది, ఇల్లు వెతకడం సులువు. ఇల్లు చూడటమంటే సాయంత్రం ఆరున్నరకు ఒకటి టాంపనీస్‌లో, ఎనిమిదికి ఇంకొకటి సెంగ్‌కాంగ్‌లో. ఏజెంటు ఇచ్చే టైమును బట్టే మనం పరుగెత్తాలి. ఊరి మధ్యలో రెండు లైన్లు కలిసే స్టేషన్ దగ్గర ఉంటే ఎటు వెళ్లాలన్నా సమానంగా ఉంటుంది. లిటిల్ ఇండియా స్టేషన్‌లో నార్త్ ఈస్ట్ లైను, డౌన్‌టౌన్ లైను కలుస్తాయి. అదే డౌన్‌టౌన్ లైను మీద ఎక్స్‌పోకు బండి మారకుండా వెళ్లొచ్చు. విమానం దిగిన రోజు కూడా ఇదే దారి పనికొస్తుంది. చాంగీలో రైలెక్కి ఎక్స్‌పోలో మారితే నేరుగా లిటిల్ ఇండియా. రాత్రి పదకొండు దాటాక దిగితే రైలు మీద ఆశ పెట్టుకోకండి. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు టాక్సీ మీటరు మీద 50 శాతం అదనంగా పడుతుంది.

రెండో లాభం తిండి. మొదటి వారం ఆఫీసులో ఇండక్షన్, బ్యాంకు పని, ఫోన్ సిమ్, ఇల్లు చూడటం అంటూ ఊపిరాడదు. ఆ టెన్షన్‌లో రాత్రి తొమ్మిదికి రెండు ఇడ్లీలో ఒక దోశో దొరికితే ప్రాణం లేచొస్తుంది. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్ శాకాహారులకు పెద్ద దిక్కు. కూరగాయలు, చేపలు, వండిన తిండి అన్నీ ఒకేచోట కావాలంటే టెక్కా సెంటర్. అదే రోడ్డులో వీరమాకాళి అమ్మవారి గుడి, ఇంకొంచెం ముందుకు నడిస్తే శ్రీనివాస పెరుమాళ్ గుడి. అక్కడ ఎక్కువగా వినిపించేది తమిళం. నెల్లూరు వాళ్లకు అదేం ఇబ్బంది కాదు లెండి, గూడూరు దాటితే మనకు అలవాటైన భాషే కదా. తెలుగు మాట కావాలంటే 1975లో మొదలైన సింగపూర్ తెలుగు సమాజం ఉంది. ఉగాది లాంటి పండగలప్పుడు అక్కడ మనవాళ్లు కలుస్తారు.

మూడోది, హోటల్ అనేది ఒక స్థిరమైన చిరునామా. ప్రయాణానికి ముందు 3 రోజుల లోపు నింపాల్సిన అరైవల్ కార్డులో ఎక్కడ ఉండబోతున్నారో రాయాలి. అప్పుడు హోటల్ పేరు, చిరునామా రాస్తే చాలు. ఆ కార్డుకు ఫీజు లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం. బ్యాంకు ఖాతాకు, ఇతర పనులకు హోటల్ చిరునామా ఎంతవరకు చెల్లుతుందో బయల్దేరేముందే కంపెనీ హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడిగిపెట్టుకోండి.

ఇప్పుడు ఇబ్బందుల సంగతి. ఇది కొంచెం పెద్ద జాబితా.

అన్నిటికంటే ముందు రేటు. సింగపూర్‌లో హోటల్ ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే అది అసలు ధర కాదు. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద మళ్లీ 9 శాతం జీఎస్టీ వేస్తారు. 200 సింగపూర్ డాలర్లని చూసి బుక్ చేస్తే చేతి నుంచి పోయేది 239 డాలర్ల 80 సెంట్లు. పది రాత్రులకు దాదాపు 400 డాలర్ల తేడా. కొన్ని బుకింగ్ యాప్‌లు పన్నులన్నీ కలిపే చూపిస్తాయి, కొన్ని చివరి పేజీ దాకా దాచిపెడతాయి.

చెక్‌ఇన్‌లో డిపాజిట్ కూడా అడుగుతారు. క్రెడిట్ కార్డు ఇస్తే ఆ మొత్తాన్ని ఆపి ఉంచి తర్వాత వదిలేస్తారు. డెబిట్ కార్డో ఫారెక్స్ కార్డో ఇస్తే డబ్బు ఖాతాలోంచి పోయి, వెనక్కి రావడానికి రోజులు పట్టొచ్చు. అప్పుడే దిగినవాడి దగ్గర ఉండే కాస్త డబ్బూ అలా ఇరుక్కుంటే చాలా ఇబ్బంది. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మొదట ఆపేసి ఉంటుంది. చెన్నై విమానాశ్రయంలో కూర్చుని కాకుండా, ఇంటి దగ్గర ఉండగానే యాప్‌లో దాన్ని ఆన్ చేసుకోండి.

తర్వాత కిటికీ. మన వైపు ఎంత చిన్న లాడ్జి అయినా గదికో కిటికీ ఉంటుంది. సింగపూర్ నడిబొడ్డున చవగ్గా దొరికే గదుల్లో చాలావాటికి అది కూడా ఉండదు. కిటికీ లేని గది అని బుకింగ్ పేజీలో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, మనమే చదవం. రెండు రాత్రులకైతే ఫరవాలేదు. రెండు వారాలంటే తెల్లారిందో లేదో తెలియని ఏసీ పెట్టెలో బతకాలి. భార్యాభర్తలిద్దరూ వచ్చి ఒకరు ఆఫీసుకు పోతే, రెండోవాళ్లు పగలంతా ఆ గదిలోనే ఉండాలి. పది ఇరవై డాలర్లు ఎక్కువైనా కిటికీ ఉన్న గదే తీసుకోండి. ఇంకెక్కడైనా తగ్గించుకోవచ్చు, దీనిలో వద్దు.

లిటిల్ ఇండియా, చైనాటౌన్‌లలో కింద షాపు, పైన ఇల్లు ఉండే పాత కట్టడాలను హోటళ్లుగా మార్చినవి చాలా ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కొన్నిటికి లిఫ్టు ఉండదు, మెట్లు ఇరుకు. ఆవకాయ జాడీలు, ప్రెషర్ కుక్కర్ సర్దిన ముప్పై కిలోల పెట్టెలు రెండు మోసుకెళ్లేవాళ్లు ముందే కనుక్కోవాలి. పెట్టె మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తీసుకెళ్లకండి. మన దేశం నుంచి మాంసం పదార్థాలను లోపలికి రానివ్వరు. గసగసాలు కూడా వద్దు, అవి అక్కడ నిషేధిత సరుకు. అమ్మ మసాలా పొడిలో కలిపేసి ఉంటుంది, అడిగి చూడండి.

వంట గురించి ఆశ పెట్టుకోవద్దు. హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టుకుంటే పొగ అలారం మోగొచ్చు, జరిమానా కూడా వేయొచ్చు. అంటే మూడు పూటలా బయటి తిండే. హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోట్లలో, తింటే చవక, అయితే తిన్న ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి. మొదటి వారం సరదాగానే ఉంటుంది. రెండో వారానికి వేడివేడి అన్నం, పప్పుచారు మీదికి మనసు పోతుంది. పిల్లలుంటే అంతకంటే ముందే.

లిటిల్ ఇండియాలో దిగేవాళ్లకు ఇంకో మాట. ఆదివారం సాయంత్రం ఆ వీధులు మామూలుగా ఉండవు. వారమంతా కష్టపడ్డ కార్మికులు సరుకులకు, డబ్బు పంపడానికి, స్నేహితులను కలవడానికి అక్కడికే వస్తారు. నాకు ఆ సందడి ఇష్టమే. చంటిపిల్లలతో బండి తోసుకుంటూ పోవాలంటే మాత్రం కష్టం. 2013లో జరిగిన అల్లర్ల తర్వాత అక్కడ నిబంధనలు బిగించారు. శనివారం ఉదయం 7 నుంచి సోమవారం ఉదయం 7 వరకు వీధుల్లో మద్యం తాగకూడదు. మామూలు రోజుల్లో దేశమంతటా రాత్రి పదిన్నర దాటాక బహిరంగంగా తాగడం నిషేధం. రేటు తక్కువని గేలాంగ్‌లో బుక్ చేసేవాళ్లూ ఉంటారు. అది రెడ్‌లైట్ ప్రాంతంగా పేరుపడ్డ చోటు. కుటుంబంతో వెళ్లేవాళ్లు వదిలేయడం మేలు.

డబ్బు ఎవరిదన్నదాన్ని బట్టి కూడా నిర్ణయం మారుతుంది. కంపెనీ నేరుగా హోటల్‌కు కడితే వాళ్లిచ్చిన చోట హాయిగా ఉండండి, కిటికీ మాత్రం అడగండి. అలా కాకుండా ఖర్చులకని మొత్తంగా ఇంత అని చేతికిస్తే, హోటల్లో గడిపే ప్రతి రాత్రీ ఇంటి అడ్వాన్సులోంచి పోయినట్టే. ఒక ఏడాది ఒప్పందానికి సాధారణంగా నెల అద్దె డిపాజిట్, రెండేళ్లకైతే రెండు నెలలు. నెలకు 3,000 డాలర్ల ఇల్లు ఏడాదికి తీసుకున్నారనుకోండి. మొదటి నెల అద్దె 3,000, డిపాజిట్ 3,000, ఏడాది మొత్తం అద్దె మీద 0.4 శాతం స్టాంపు డ్యూటీ 144. జీతం రాకముందే 6,144 డాలర్లు కావాలి. ఏజెంటు ఫీజు ఉంటే అది వేరు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక ఆర్చర్డ్ రోడ్డు హోటల్ ఫొటోలు అంత అందంగా కనిపించవు.

నా మాట అడిగితే, ఒంటరిగా వెళ్లేవాళ్లు లిటిల్ ఇండియా, ఫేరర్ పార్క్ స్టేషన్ల మధ్య ఏడు రోజులు, మరీ అవసరమైతే పది రోజులు. అంతకు మించి వద్దు. హోటల్ సుఖానికి అలవాటు పడితే ఇల్లు వెతకడం వాయిదా పడుతుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లు మొదట ఒక్కరే వెళ్లి ఇల్లు చూసుకుని, తర్వాత మిగతావాళ్లను పిలిపించుకుంటే అన్ని విధాలా మంచిది. ఇంట్లో ఒప్పించడం కష్టమని నాకూ తెలుసు.

ఇల్లు చూసేటప్పుడు ఏజెంటు పేరు, ఫోన్ నంబరు ప్రభుత్వ రిజిస్టరులో ఉన్నాయో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఇల్లు చూపించకముందే అడ్వాన్సు పంపమంటే అక్కడితో ఆపేయండి. హెచ్‌డీబీ ఇంటి అద్దె డబ్బు ఏజెంటు చేతికి ఇవ్వకూడదు, ఓనరుకే కట్టాలి. గది మాత్రమే తీసుకునేవాళ్లు వంట గురించి స్పష్టంగా అడగాలి. “లైట్ కుకింగ్” అని ప్రకటనలో ఉంటే మ్యాగీ, కోడిగుడ్డు అని అర్థం. చేపల పులుసు అందులోకి రాదు. చైనీస్ కొత్త సంవత్సరం, అంటే జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వచ్చే సెలవుల్లో, ఓనర్లూ ఏజెంట్లూ దొరకరు. ఫార్ములా వన్ రేసు జరిగే వారంలో, సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో, నడిబొడ్డున గదుల రేట్లు ఆకాశాన్నంటుతాయి. చేరే తేదీ మీ చేతుల్లో ఉంటే ఆ రెండూ తప్పించుకోండి.

దిగే రోజు గురించి ఒక చిన్న లెక్క. చెన్నై నుంచి రాత్రి బయల్దేరిన విమానం నాలుగు గంటల్లో చేరిపోతుంది, అక్కడ మనకంటే రెండున్నర గంటలు ముందు. ఉదయం ఏడుకు దిగితే హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం రెండుకో మూడుకో. నెల్లూరు నుంచి కారులో చెన్నై దాకా వచ్చి, నిద్ర లేక, పిల్లలతో లాబీలో కూర్చోవడం నరకం. ఒంటరిగా అయితే సామాను రిసెప్షన్‌లో పెట్టి టిఫిన్ తిని, సిమ్ కార్డు పని చూసుకోవచ్చు. పిల్లలుంటే ముందు రాత్రికి కూడా గది బుక్ చేసి, ఉదయం వస్తామని హోటల్‌కు మెయిల్ పెట్టండి, లేకపోతే రాలేదనుకుని రద్దు చేస్తారు.

ఖాళీ చేసే రోజుకు కూడా ఒక రాత్రి ఎక్కువ ఉంచుకోండి. ఇంటి తాళాలు ఒక్కోసారి చెప్పిన రోజు సాయంత్రం గానీ చేతికి రావు. పైగా అద్దె ఇంట్లో మంచం, పరుపు ఉన్నా దుప్పట్లు, దిండ్లు, బకెట్టు, మగ్గు ఉండవు. వాటిని ముందురోజే లిటిల్ ఇండియాలోని ముస్తఫా అనే పెద్ద షాపులో కొని హోటల్ గదిలో పెట్టుకుంటే, కొత్త ఇంట్లో మొదటి రాత్రి నిద్ర పడుతుంది.