పండగకు పాత స్టీరియో కొంటున్నారా? ముందు ఇవి చూడండి

యాంప్లిఫయర్ వెనక రాసిన వోల్టేజి చదవండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చినది సాధారణంగా 120 వోల్టులది, జపాన్‌ది 100. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా కలుపుకొని బేరమాడండి.

స్పీకర్ తీగలు బిగించేది ప్లగ్గు తీశాకే. రాగి పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌కు తగిలినా యాంప్లిఫయర్‌లో స్పీకర్లను నడిపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవచ్చు. పోగులన్నీ మెలిపెట్టి దూర్చండి.

8 ఓమ్‌ల (ఓమ్ అంటే విద్యుత్ నిరోధానికి కొలత) స్పీకర్లకే చేసిన యాంప్లిఫయర్‌కు 4 ఓమ్‌ల స్పీకర్లు తగిలించకండి, విపరీతంగా వేడెక్కుతుంది.

స్పీకర్ జాలీ తీయించి, కోన్ (కంపించి శబ్దం చేసే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉన్న ఫోమ్‌ను వేలితో మెల్లగా తాకండి. పొడిలా రాలిందా? మార్పించవచ్చు గానీ ఆ ఖర్చు మీదే.

ఖరీదైన కేబుళ్లా? దండగ. ఆ డబ్బు మంచి స్పీకర్లకు పెట్టండి.