గ్రూపింగ్‌లో బ్రాకెట్లు కలవడం లేదా? తప్పు ఏ లైన్లో ఉందో ఇలా పట్టుకోండి

వర్గ బహుపదిలో మధ్య పదాన్ని (x ఉన్న పదాన్ని) రెండుగా విడగొట్టి, నాలుగు పదాలను రెండు గుంపులు చేసి (గ్రూపింగ్) కారణాంకాలు రాసేటప్పుడు లెక్క ఎక్కడో ఆగిపోతే చాలామంది మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు. అంత టెన్షన్ అక్కర్లేదు. లెక్క ఏ మెట్టులో ఆగిందన్నదే తప్పు ఎక్కడుందో చెబుతుంది.

సమస్య: సరిపోయే రెండు సంఖ్యలు దొరకడం లేదు

6x² − 11x − 10 తీసుకుందాం. లబ్ధం −10 వచ్చే సంఖ్యల కోసం వెతుకుతున్నారేమో చూసుకోండి. x² ముందు 1 ఉన్న లెక్కల్లో పడిన అలవాటు అది. ఇక్కడ 6ని −10తో గుణించాలి. అంటే లబ్ధం −60, మొత్తం −11 కావాలి. లబ్ధం రుణ సంఖ్య కాబట్టి గుర్తులు వేరు. తేడా 11 ఉన్న జత చాలు. 60–1, 30–2, 20–3, 15–4. చివరి జతలో దొరికింది. పెద్దదానికి మధ్య పదం గుర్తు పెడితే −15, +4.

ఎంత వెతికినా దొరక్కపోతే, అసలు ఉన్నాయో లేదో ముందు తేల్చుకోండి. మధ్య గుణకం వర్గంలోంచి, మొదటి గుణకం, స్థిర పదాల లబ్ధానికి నాలుగు రెట్లు తీసేయండి. ఖచ్చిత వర్గం రాకపోతే పూర్ణ సంఖ్యల జత లేనట్టే. పై లెక్కలో 121 + 240 = 361, అది 19 వర్గం. x² + 5x + 3లో మాత్రం 25 − 12 = 13. ఇక వెతకడం దండగ.

సమస్య: రెండు బ్రాకెట్లు వేరువేరుగా వచ్చాయి

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ముందు జతను సరిచూడండి. లబ్ధం, మొత్తం రెండూ సరిపోతే బ్రాకెట్లు కలిసి తీరాలి, ఏ పదాన్ని ముందు రాసినా సరే. ఎందుకంటే పై లెక్కలో −11xని 4x − 15xగా విడగొడితే, 6కి 4 ఏ నిష్పత్తిలో ఉందో, −15కి −10 కూడా అదే నిష్పత్తిలో ఉంటుంది. కాబట్టి జత సరైనదైతే తప్పు ఉమ్మడి కారణాంకం బయటికి తీసిన చోటే ఉంది. ఇలా రాశారనుకోండి:

6x² + 4x − 15x − 10
2x(3x + 2) − 5(3x − 2)

సంఖ్యలు కలిశాయి, గుర్తే కలవలేదు. −5 బయటికి తీస్తే లోపలి రెండు గుర్తులూ మారాలి: −5(3x + 2). జవాబు (3x + 2)(2x − 5). ఒక బ్రాకెట్ (2x − 5), మరొకటి (5 − 2x) అయితే రెండో దానిలోంచి −1 బయటికి తీయండి. గుర్తులు కాక సంఖ్యలే తేడాగా ఉంటే, ఏదో ఒక గుంపులో గ.సా.భా. (అన్నిటికంటే పెద్ద ఉమ్మడి కారణాంకం) పూర్తిగా తీయలేదు.

సమస్య: గుణించి చూస్తే ఒక పదం మాయం

2x² + 6x + x + 3ని 2x(x + 3) + (x + 3) అని రాసి, చివర (x + 3)(2x) అనేస్తారు. రెండో బ్రాకెట్ ముందు 1 ఉంది. కనిపించేలా +1(x + 3) అని రాసుకుంటే (x + 3)(2x + 1) వచ్చేస్తుంది.

సమస్య: గుణిస్తే సరిపోతోంది, కానీ జవాబు వేరేలా ఉంది

12x² + 34x + 20కి (x + 2)(12x + 10) వచ్చిందా? తప్పు కాదు, సగంలో ఆగింది. ముందే 2 బయటికి తీస్తే సంఖ్యలు చిన్నవవుతాయి, జవాబు 2(x + 2)(6x + 5). ఆ 2ని వదిలేయకూడదు. సమీకరణంలో కుడివైపు 0 ఉంటే భాగించి తీసేయొచ్చు. ఉత్త బహుపదిలో తీసేస్తే విలువే మారిపోతుంది.