వీధిలో కట్టిన మోరీకి బల్దియాను లెక్క అడగడం ఎలా?

వరంగల్‌లో కొత్తగా వేసిన రోడ్డు లేదా మోరీ నాణ్యతను ప్రశ్నించదలచినవారు ముందుగా ఆ పని ఏ నిధులతో జరిగిందో తెలుసుకోవాలి. 2015 జూన్‌లో కేంద్రం ప్రారంభించిన స్మార్ట్ సిటీస్ మిషన్‌కు వరంగల్ 2016లో ఎంపికైంది. మిషన్ నిబంధనల ప్రకారం ఆ పనుల బాధ్యతను బల్దియాకు, అంటే నగరపాలక సంస్థకు, నేరుగా అప్పగించకుండా, కంపెనీల చట్టం కింద గ్రేటర్ వరంగల్ స్మార్ట్ సిటీ కార్పొరేషన్ లిమిటెడ్ అనే ప్రత్యేక సంస్థను నెలకొల్పారు. అందువల్ల ‘మాది కాదు, వారిది’ అనే జవాబుకు సిద్ధపడి వెళ్లడం మంచిది. 2025 మార్చి 31తో మిషన్ ముగిసినా రికార్డులు అడిగే హక్కు ముగియలేదు.

తెల్ల కాగితంపై 2005 సమాచార హక్కు చట్టం కింద పౌర సమాచార అధికారికి దరఖాస్తు రాసి, 10 రూపాయల రుసుము జత చేయాలి. సంబంధం లేని కార్యాలయానికి ఇచ్చినా, సెక్షన్ 6(3) ప్రకారం వారే 5 రోజుల్లోగా సరైన చోటికి పంపాలి.

అసలు మెలకువంతా ప్రశ్నలోనే ఉంది. ‘పని నాసిరకంగా ఎందుకు చేశారు?’ అని రాస్తే సమాధానం రాదు. ఆ చట్టం ఇప్పించేది రికార్డునే తప్ప సంజాయిషీని కాదు. పని ఎక్కడి నుంచి ఎక్కడి వరకు జరిగిందో గుర్తులతో సహా తెలిపి, మంజూరైన ఎస్టిమేట్, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంట్, ఎం.బి. పేజీలు, చివరి బిల్లు నకళ్లు కోరాలి. వీటిలో ఎం.బి., అంటే మెజర్‌మెంట్ బుక్, అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే ఇంజనీరు అందులో రాసిన పొడవు, వెడల్పు, లోతులను బట్టే బిల్లు చెల్లిస్తారు. ఆ నకలు పట్టుకుని, టేపుతో మోరీని నాలుగైదు చోట్ల కొలిచి, పక్కనే తేడా రాసుకోవాలి. కొలతలు సరిపోయినా వాలు తప్పితే నీరు నాలాకు చేరదు కనుక, వాన వెలిసిన మర్నాడు నీరు ఎక్కడ నిలిచిందో తేదీ కనిపించేలా ఫోటో తీయాలి. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కును, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరించి ఇమ్మని కోరే హక్కును కూడా సెక్షన్ 2(జె) ఇస్తున్నా, వాడుకునేవారు అరుదు.

30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. తేడాలు బయటపడితే నకళ్లు, ఫోటోలు జతచేసి, వీధివారి సంతకాలతో బల్దియాలో సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకున్నాకే బయటికి రావాలి.