సబ్ ఊఫర్ మూగబోయిందా? ముందు ప్లగ్గు వైపు చూడండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇళ్లలో కనిపించే చిన్న వైర్‌లెస్ స్పీకర్ సెట్లు రెండు రకాలు. ఒకదాంట్లో ఫోను నుంచి పెట్టెకి మాత్రమే పాట గాలిలో వస్తుంది, పెట్టె నుంచి శాటిలైట్లకి (పక్కన పెట్టే చిన్న స్పీకర్లకి) మామూలు వైర్లే. రెండోదాంట్లో సబ్ ఊఫర్ (బేస్, అంటే గంభీరమైన మోత, వినిపించే పెద్ద డబ్బా) కూడా వైరు లేకుండా మెయిన్ యూనిట్‌తో కలుస్తుంది. సబ్ ఊఫర్‌కి సొంత కరెంటు ప్లగ్గు తప్ప ఇంకే వైరూ లేకపోతే మీది రెండో రకం. ఏ రకమైనా సరే, కరెంటు, వైర్లు చూడకుండా పెట్టె విప్పకండి.

సౌండ్ పెంచగానే ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది

పాటలో డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా ఆరుతోందంటే కారణం బేస్. సెట్టు మొత్తంలో ఎక్కువ కరెంటు లాగేది అదే. మధ్యాహ్నం బాగా మోగి, ఎండాకాలం సాయంత్రం ఊరంతా ఫ్యాన్లు, కూలర్లు వేశాకే ఇలా అవుతుంటే వోల్టేజీ పడిపోతోందన్నమాట. మల్టీమీటర్‌ని (వోల్టులు, ఓమ్‌లు కొలిచే మీటరు) ఏసీ వోల్టుల పెద్ద రేంజిలో పెట్టి, సెట్టు మోగుతుండగా పక్క సాకెట్లో చూడండి. 230 దగ్గర ఉండాల్సింది 170కి దిగితే తప్పు స్పీకర్‌ది కాదు. వెనక స్టిక్కర్ చదవండి. 100–240 అని ఉంటే ఆ మాత్రం తగ్గుదల తట్టుకోవాలి. 220–240 అని ఉంటే స్టెబిలైజర్ పెట్టాల్సిందే.

పగలు కూడా అంతే అయితే అడాప్టర్‌ని అనుమానించండి. పాతది పోయి బజారులో కొత్తది కొన్నారా? 18 వోల్టుల 2 ఆంపియర్ల దాని బదులు 18 వోల్టుల 1 ఆంపియర్‌ది ఇస్తే సరిగ్గా ఇదే రోగం. వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, పిన్ను ప్లస్ మైనస్‌లు కలవాలి.

రాత్రి చిన్న సౌండ్‌లో పెడితే పదిహేను ఇరవై నిమిషాలకి తనంతట తానే ఆగిపోవడం రోగం కాదు. అది ఆటో స్టాండ్‌బై: సౌండ్ మరీ చిన్నగా ఉంటే పాట ఆగిందనుకుని సెట్టు నిద్రపోతుంది. మెనూలో ఉంటే ఆపేయండి, లేకపోతే సెట్టు సౌండ్ కాస్త తగ్గించి ఫోనులో పెంచండి.

శాటిలైట్లు మోగుతున్నాయి, సబ్ ఊఫర్ మోగట్లేదు

వైర్‌లెస్ సబ్ ఊఫర్ అయితే దాని లైటు చూడండి. చాలా మోడళ్లలో నిలకడగా వెలిగితే కలిసినట్టు, మిణుకుమంటే వెతుకుతున్నట్టు. కరెంటు పోయి వస్తూ ఉండే చోట జత తెగిపోవడం మామూలే. రెండు ప్లగ్గులూ పీకి ఒక నిమిషం ఆగండి. సబ్ ఊఫర్‌ని మెయిన్ యూనిట్‌కి మీటరు దూరంలోకి తెచ్చి, మెయిన్ ముందు, సబ్ ఊఫర్ తర్వాత ఆన్ చేయండి. లైటు వేగంగా కొట్టుకునే దాకా సబ్ ఊఫర్ మీది పెయిర్ (జత చేసే) బటన్ నొక్కి పట్టుకోండి. మెయిన్ యూనిట్‌లో ఏ బటన్ నొక్కాలో మోడల్‌ని బట్టి మారుతుంది, దాని పుస్తకం చూడాల్సిందే.

దగ్గర పెడితే కలిసి, మూలకి జరిపితే తెగుతోందా? మధ్యలో ఇనుప బీరువా ఉందేమో చూడండి. ఇనుము అడ్డం వస్తే సిగ్నల్ సరిగ్గా దాటదు. వైఫై రౌటర్‌ని కనీసం మూడు అడుగులు దూరం జరపండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో నడిచే సెట్లకి, బ్లూటూత్‌కి రౌటర్‌తో ఎప్పుడూ తగవే. ఫోను, టీవీ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చితే గొడవ తగ్గుతుంది.

లైటు నిలకడగా ఉన్నా బేస్ పలచగా ఉంటే ఫేజ్ స్విచ్ (సబ్ ఊఫర్ కదలికని శాటిలైట్లతో కలిపే స్విచ్) చూడండి. మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని, డప్పు దెబ్బ తరచుగా వచ్చే పాట పెట్టి, ఇంకొకరిచేత 0, 180 మధ్య మార్పించండి. ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడే వదిలేయండి.

బుమ్మ్ మని ఆగకుండా హమ్మింగ్

దీన్ని దొంగను పట్టినట్టు ఒక్కో వైరే పీకుతూ పట్టాలి. ముందు సెట్టుకి వచ్చే ఆడియో వైర్లన్నీ తీసేయండి. అప్పటికీ హమ్ ఉంటే లోపల పవర్ సప్లై కెపాసిటర్ల (కరెంటు నిలవ ఉంచే చిన్న డబ్బాల) మీద అనుమానం. ఆగిపోతే వైర్లు తిరిగి పెట్టి, సెట్‌టాప్ బాక్సు వెనక డిష్ వైరు ఒక్కటి విప్పండి. అది విప్పగానే హమ్ పోతే దారి దొరికినట్టే: డిష్ వైరు నుంచి ఒక ఎర్తు, గోడ సాకెట్ నుంచి ఇంకో ఎర్తు కలిసి చుట్టు ఏర్పడింది. టీవీ, బాక్సు, స్పీకర్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (ఆ చుట్టుని తెంపే చిన్న డబ్బా) వేయండి. కొందరు మిస్త్రీలు ఎర్తు పిన్ను కోసేస్తారు. హమ్ పోతుంది నిజమే, షాక్ కొట్టినప్పుడు కాపాడేదీ పోతుంది.

కరెంటు పోయినప్పుడు మాత్రమే జ్జ్ మని వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటుని సాఫీగా కాక మెట్లు మెట్లుగా ఇచ్చే రకం) వల్ల. సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద అది రాదు. పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ స్క్వేర్ వేవ్ మీద కాలిపోయేంత వేడెక్కుతుంటే వాడకపోవడమే మేలు.

ఒక శాటిలైట్ పలకదు

ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చండి. మౌనం స్పీకర్‌తో పాటు వెళ్తే స్పీకర్‌దే తప్పు, ఉన్నచోటే ఉంటే వైరుది లేదా ఆంప్లిఫయర్‌ది. వైరుని బీరువా వెనక దాకా చేత్తో తడుముకుంటూ వెళ్లండి. ఎలుక కొరికిన చోటు వేలికి తగులుతుంది. క్లిప్పులో రాగికి బదులు ప్లాస్టిక్ తొడుగు ఇరుక్కుందేమో కూడా చూడండి. వానాకాలంలో రాగి పచ్చబడితే ఒక సెంటీమీటరు కోసి, కొత్తగా ఒలిచి పెట్టండి. స్పీకర్‌ని విడదీసి మల్టీమీటర్‌తో చూస్తే 4 ఓమ్‌ల స్పీకర్ సాధారణంగా 3 నుంచి 4 మధ్య చూపిస్తుంది. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది.

రెండూ మోగుతున్నా గొంతు మధ్యలోంచి రాకుండా చెదిరినట్టు ఉంటే ఒకదానికి ఎరుపు, నలుపు తారుమారయ్యాయి. వైరు విప్పేసి, 1.5 వోల్టుల పెన్ను సెల్లు ప్లస్‌ని ఎర్ర టెర్మినల్‌కి, మైనస్‌ని నల్లదానికి ఒక్క క్షణం తాకించండి. టక్ మని కోన్ ముందుకి రావాలి. ఒకటి ముందుకీ ఇంకొకటి వెనక్కీ కదిలితే లోపల తిరగేసి అతికించారు.

గరగర

కరెంటు తీసి, నాలుగు వేళ్లు కోన్ చుట్టూ సమానంగా ఆనించి మెల్లగా నొక్కండి. గరుకుగా రాసుకుంటే కాయిల్ పోయింది, స్పీకర్ మార్చాల్సిందే. సాఫీగా కదిలితే బేస్ రంధ్రంలో టార్చి వేయండి. ఎండిన బల్లి గుడ్లు, బొద్దింకలు అక్కడ కాపురం పెడతాయి. అవీ లేకపోతే గరగరలాడేది స్పీకర్ కాకపోవచ్చు, పక్క షోకేసు అద్దం మీద చెయ్యి ఆనించి చూడండి.

టీవీ నుంచి మాత్రమే సౌండ్ రాదు

ఆప్టికల్ వైరు అయితే టీవీ ఆడియో సెట్టింగులో పీసీఎం (మామూలు స్టీరియో సౌండ్) పెట్టండి. హెచ్‌డీఎంఐ అయితే ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని స్పీకర్‌కి పంపే పోర్టు) అని రాసి ఉన్న పోర్టులోనే గుచ్చాలి. బ్లూటూత్‌లో మాట పెదవుల కంటే వెనకబడితే వైరు వాడటమే దారి.

ఉరుముల కాలంలో స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్గూ డిష్ వైరూ రెండూ పీకాలి. మాడు వాసన వచ్చినా, పైకప్పు ఉబ్బిన కెపాసిటర్ కనిపించినా అక్కడితో ఆగి మిస్త్రీకి ఇవ్వండి. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది. కొత్తది వేసేటప్పుడు మైక్రోఫారడ్లు అవే, వోల్టులు అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీలది అడగండి.