ప్లెయిన్స్‌బరోకి కొత్తగా వచ్చినవాళ్లకి

మన దగ్గర టౌన్‌షిప్ అంటే ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లో, బిల్డరు వేసిన వెంచరో గుర్తొస్తుంది. న్యూజెర్సీలో టౌన్‌షిప్ అంటే స్థానిక ప్రభుత్వం, మన మున్సిపాలిటీ లాంటిది. రాష్ట్రంలో ఇలాంటి స్థానిక సంస్థలు 564 ఉన్నాయి. మిడిల్‌సెక్స్ కౌంటీలోని ప్లెయిన్స్‌బరో వాటిలో ఒకటి. 2020 లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 24,084.

ముందుగా అడ్రస్ గొడవ చెప్తాను, అందరూ తికమకపడేది ఇక్కడే. ఈ ఊళ్లోనే కొన్ని ఇళ్లకు ఉత్తరాలు "ప్రిన్స్‌టన్" పేరుతో వస్తాయి. అది పోస్టాఫీసు పెట్టిన పేరు. పోలీసులు, లైబ్రరీ, ఇంటి పన్ను ఏ ఊరివి అన్నది టౌన్‌షిప్ సరిహద్దును బట్టి ఉంటుంది. అందుకే అద్దె ఇల్లు చూసేటప్పుడు జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) చూసి సరిపెట్టుకోకండి. "ఇది ఏ టౌన్‌షిప్, పిల్లలు ఏ స్కూలుకి వెళ్తారు" అని సంతకం పెట్టేముందే అడగండి. స్కూళ్లు పక్కనున్న వెస్ట్ విండ్సర్‌తో ఉమ్మడి. హైస్కూళ్లు రెండు: "నార్త్" అనేది ప్లెయిన్స్‌బరోలో, "సౌత్" అనేది వెస్ట్ విండ్సర్‌లో ఉన్నాయి. న్యూయార్క్ రైలెక్కే ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్ కూడా వెస్ట్ విండ్సర్‌దే.

స్కూల్లో చేర్చడానికి లీజు కాగితాలు, పిల్లల టీకాల రికార్డు కావాలి. టీకాల కార్డు ఇండియాలో మర్చిపోయి వస్తే ఇక్కడ చాలా టెన్షన్ పడాలి, కాబట్టి దాన్ని పాస్‌పోర్టుతో పాటు చేతి బ్యాగులోనే పెట్టుకోండి. ఇండియా నుంచి నేరుగా వచ్చిన పిల్లలకి టీబీ టెస్ట్ కూడా అడుగుతారు. బీసీజీ (టీబీ రాకుండా వేసే టీకా) వేయించిన పిల్లలకి చర్మం మీద చేసే టెస్ట్ పాజిటివ్ చూపించవచ్చు. భయపడకుండా, రక్త పరీక్ష చేయించవచ్చా అని డాక్టర్ని అడగండి.

ఈ ఊరు 1919లో టౌన్‌షిప్ అయింది. 1970లో ఇక్కడున్నది 1,648 మంది మాత్రమే, అంతా పొలాలు, పాడి. వాకర్ గోర్డన్ అనే డెయిరీ 1930లో రోటోలాక్టర్ అనే యంత్రం పెట్టింది. గుండ్రంగా తిరిగే వేదిక మీద ఒకేసారి 50 ఆవుల పాలు పితికేవారు. బోర్డెన్ అనే పాల కంపెనీ ప్రకటనలతో అమెరికా అంతా పేరు పొందిన ఎల్సీ అనే ఆవుది కూడా ఈ డెయిరీయే. 1941లో అది చనిపోతే ఇక్కడే పూడ్చారు, గుర్తుగా రాయి ఉంది. డెయిరీ 1971లో మూతపడింది, ఇప్పుడక్కడ ఇళ్లున్నాయి. పాడితో బతికిన ఊళ్ల నుంచి వచ్చిన మన పెద్దవాళ్లకి ఈ కథ చెప్పండి, ఎంత ఆసక్తిగా వింటారో చూడండి.

తర్వాత పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఫాక్స్ రన్, హంటర్స్ గ్లెన్ లాంటి కాంప్లెక్సుల్లో తెలుగు వినపడటం మామూలే. అది పెద్ద ధైర్యం. మొదటి నెలలో పప్పులు, ఉప్పులు ఎక్కడ దొరుకుతాయో చెప్పేది పక్కింటివాళ్లే. కానీ అక్కడితో ఆగిపోవద్దని నా మనవి. ముఖ్యంగా భర్తో భార్యో ఆఫీసుకి వెళ్లిపోతే, పని చేసే అనుమతి లేక రోజంతా ఒంటరిగా ఇంట్లో ఉండేవాళ్ల గురించి నాకు బాధగా ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ నెలలు నాలుగ్గోడల మధ్య గడపడం చాలా కష్టం.

వాళ్లు మొదట వెళ్లాల్సింది వాన్ డోరెన్ స్ట్రీట్‌లోని పబ్లిక్ లైబ్రరీకి. అడ్రస్ రుజువు చూపిస్తే కార్డు ఉచితం. పిల్లలకి కథలు చెప్పే గంట ఉంటుంది, తల్లులు అక్కడే ఒకరికొకరు పరిచయమవుతారు. నాకు ఈ ఊళ్లో తెలుగువారు కాని మొదటి స్నేహితురాలు అక్కడే దొరికింది, చైనా నుంచి వచ్చినావిడ. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా పిల్లల జలుబు గురించి గంటసేపు మాట్లాడుకున్నాం.

అమ్మానాన్నలు, అత్తమామలు వస్తే ప్లెయిన్స్‌బరో ప్రిజర్వ్‌కి తీసుకెళ్లండి. వెయ్యి ఎకరాల అడవి, మధ్యలో పెద్ద చెరువు. నడిచొచ్చాక కాళ్లు, మెడ చూసుకోవాలి. గడ్డిలో ఉండే టిక్ అనే చిన్న పురుగు కుడితే లైమ్ జబ్బు రావచ్చు, న్యూజెర్సీలో అది ఎక్కువ.

వంట విషయం. పోపు ఘాటుకి, పొగకి స్మోక్ అలారం మోగుతుంది. కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి మొదలుపెట్టండి. బ్యాటరీ మాత్రం ఎప్పుడూ తీసేయకండి. మంటలొస్తే మిమ్మల్ని ముందుగా లేపేది అదే.

రోడ్డు మీద ఎర్రలైట్లు వెలుగుతూ స్కూల్ బస్సు ఆగితే 25 అడుగుల దూరంలో ఆగాలి, డివైడర్ లేని రోడ్డయితే ఎదురుగా వచ్చేవాళ్లు కూడా. పెట్రోలు బంకులో కారు దిగక్కర్లేదు, మనమే పోసుకోవడం ఈ రాష్ట్రంలో చట్టరీత్యా కుదరదు.

లైసెన్సుకి వెళ్లినప్పుడు ఓటరు నమోదు ప్రస్తావన వస్తే, పౌరసత్వం లేనివాళ్లు స్పష్టంగా వద్దని చెప్పాలి. పొరపాటున టిక్కు పెడితే వీసాకీ, తర్వాత గ్రీన్‌కార్డుకీ ముప్పు. అలాగని ఊరి సంగతులు మనకి పట్టవనుకోకండి. టౌన్‌షిప్‌ని నడిపేది ఐదుగురు ఎన్నికైన సభ్యుల కమిటీ, మేయర్‌ని వాళ్లలోంచే ఎన్నుకుంటారు. సమావేశాలకు ఎవరైనా వెళ్లవచ్చు, జనం మాట్లాడటానికి సమయం ఇస్తారు. మీ కాంప్లెక్స్ ముందు పిల్లలు రోడ్డు దాటడం కష్టంగా ఉంటే అక్కడికెళ్లి చెప్పండి. ఓటు లేకపోయినా మీరు ఇక్కడ ఉంటున్నవాళ్లే.